మే నెల ఎండల్ల తల్లి కుందేలుకు ఏం పెట్టాలె: వరంగల్ షెడ్డు నుంచి

అందరికీ నమస్తే. మధ్యాహ్నం రెండు, వరంగల్ పక్కన కుందేళ్ల షెడ్డు. బయట 43 డిగ్రీలు. ఈ గిన్నె దగ్గరగ చూడండి, పొద్దుగాల వేసిన పెల్లెట్లు, అంటే దాణా గుళికలు, అట్లనే ఉన్నయి. తల్లి కుందేలు జాలి మీద కాళ్లు చాపుకొని పడుకుంది, ముక్కు గబగబ కొట్టుకుంటుంది. దానికి మనలెక్క చెమట పట్టదు, వేడంతా చెవుల నుంచి, ఊపిరి నుంచే పోవాలె. తిన్నది అరిగినా ఒంట్లో వేడే. అందుకే 30 డిగ్రీలు దాటితే తిండి తగ్గించుకుంటది. దాంతో పాలు తగ్గి, పిల్లలు గూట్లనే పోతయి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తరు. తింటలేదు కదా, కొంచెమైనా బలం ఎక్కాలని మక్కలు పెంచుతరు. అరగని పిండి పెద్దపేగు దగ్గర పులిసి విరేచనాలు పట్టుకుంటయి. బలం నూనెతో పెంచాలె, అది అరిగేటప్పుడు వేడి తక్కువ.

10 కిలోల దాణాకు లెక్క: ఎండు లూసర్న్ (పశువుల మేత మొక్క) పొడి 3.2, మక్కలు 2.5, గోధుమ పొట్టు 2.5, సోయా చెక్క 1.4 కిలోలు, నూనె 200 గ్రాములు, మినరల్ మిక్చర్ 150, ఉప్పు 50. ప్రోటీన్ 17 శాతం దాటుతది, పీచు 12 తగ్గదు. పెల్లెట్ మిషన్ లేకుంటే పొడిగ వెయ్యకండి, ముక్కులకు పోయి తుమ్ముతయి. ముద్ద కట్టేంత తడిపి, రెండు మూడు గంటల్ల మిగిలింది తీసెయ్యాలె, ఎండకు పులుస్తది.

పొద్దుగాల ఆరు లోపల మూడో వంతు, మిగతాది పొద్దుగూకినంక. చూలు, పాలు లేని 4 కిలోల ఒట్టి కుందేలుకు రోజుకు 120 గ్రాములు చాలు, ఏడు పిల్లలకు పాలిచ్చేదానికి 300 దాకా.

అసలు గొడవ నీళ్లది. కుందేళ్లు నీళ్లు తాగే ఈ నిపుల్ నొక్కి చూస్తే చెయ్యి కాలుతుంది, పైపు రేకుల కింది నుంచి వచ్చింది మరి. వేడి నీళ్లు ముట్టవు, నీళ్లు తాగకుంటే దాణా కూడా ముట్టవు. ట్యాంకు నీడకు మార్చి, పైపుకు తడి గోనె చుట్టి, మధ్యాహ్నం రెండుసార్లు లైన్‌ల వేడెక్కిన నీళ్లు బయటికి వదిలెయ్యాలె. పాలిచ్చే తల్లి రోజుకు లీటరు పైననే తాగుతది.

అమెరికాల పెట్ షాపుల్ల దొరికే తిమోతి గడ్డి కోసం ఇక్కడ తిరగకండి. దశరథ గడ్డి, అవిశాకు బాగున్నయి, నీడల వాడబెట్టి వెయ్యండి. కుప్ప పోస్తే వేడెక్కి కడుపుబ్బరం. సుబాబుల్ ఎక్కువైతే బొచ్చు రాలుతది. నీళ్లు లేక వాడిన లేత జొన్న మాత్రం వద్దే వద్దు, నాము, అంటే అందులో పుట్టే సైనైడ్ విషం, కొడితే నిమిషాల మీద పోతయి.

ఇక పత్తి చెక్క. వరంగల్‌ల బర్ల కోసం ఇంటింటికీ ఉంటది, అగ్గువని కుందేళ్లకూ వేస్తరు. అందులో ఉండే గాసిపాల్ అనే విషం మగ కుందేలు వీర్యాన్ని దెబ్బ తీస్తది. ఎండ దెబ్బ ఎట్లాగూ ఉండనే ఉంది, తేరుకునేసరికి దాదాపు రెండు నెలలు. మే నెలల మగదానితో దాటించినవి చూలు కట్టకుంటే ఆడదాన్ని మార్చకండి, ముందు మగదాని గిన్నెల ఏముందో చూడండి.