‘మనిషికెంత నేల కావాలి?’ ఆడియో బుక్ రివ్యూ: ఆ పల్లపు నేల కోసమైనా వినండి

అందరికీ నమస్కారం. ఈ ఆడియో బుక్ నాకు ఫ్రీగా పంపారు. రివ్యూకి డబ్బులేమీ ఇవ్వలేదు. ధరా, నిడివీ, ఏ యాప్‌లో దొరుకుతుందీ ఈపాటికి మీరు చూసే ఉంటారు, అందుకని నేరుగా కథలోకి వెళ్తున్నా.

1886లో టాల్‌స్టాయ్ రాసిన కథ. చాలామందికి ముగింపు తెలుసు. పాహోమ్ అనే రైతు, బాష్కీర్లనే రష్యా గడ్డిమైదానాల జనం దగ్గర రోజుకు 1000 రూబుళ్లు అని బేరం. పొద్దుటి నుంచి నడిచి ఎంత చుట్టొస్తే అంత భూమీ అతనిదే. పొద్దు గుంకేలోపు బయల్దేరిన చోటికి రాకపోతే డబ్బు పోయినట్టే.

నాకు ప్రాణం మాత్రం మధ్యలో ఒక చోట ఉంది. రెండో వైపు చాలా దూరం నడిచేసి, ఇక మలుపు తిరగాలి అనుకుంటాడు. అప్పుడు చెమ్మగా ఉన్న పల్లపు నేల కనిపిస్తుంది. అవిసె బాగా పండుతుంది, వదిలేస్తే ఎలా అనుకుని దాన్ని కూడా చుట్టి, అవతల హద్దు గుర్తుగా గుంట తవ్వి, అప్పుడు తిరుగుతాడు. అంతే! మంచి రైతు ఎవరైనా అలాగే ఆలోచిస్తాడు. మా ఇంట్లో పెద్దవాళ్లు పొలం గట్టు మీద నిలబడి ‘ఆ పక్క మడి కూడా కలిస్తే చదరంగా వచ్చేది’ అనడం నేను ఎన్నిసార్లు విన్నానో. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. పాహోమ్ ఆశ కూడా ప్రతిసారీ న్యాయంగానే కనిపిస్తుంది. అదే నాకు భయం వేసే సంగతి. కథ మొదట్లో, జమీందారిణి దగ్గరి మనిషి వేసే జరిమానాలతో విసిగి, సుమారు 40 ఎకరాలు సొంతంగా కొనుక్కున్నవాడు, తన చేలో పశువులు పడితే ఇరుగుపొరుగు మీద తనే కోర్టుకెక్కి జరిమానా వేయిస్తాడు. అక్కడా కారణం సబబుగానే ఉంటుంది.

ఇంతకుముందు నేను విన్న ఒక సంక్షిప్త ఆడియోలో ఈ పల్లపు నేల ముక్కే లేదు. నడిచాడు, పరుగెత్తాడు, పోయాడు. ఒళ్లు మండిపోయింది. ఇందులో చదివినాయన ఆ వాక్యాల దగ్గర గొంతు పెంచలేదు, ఆగలేదు, లెక్క చూసుకుంటున్నట్టు మామూలుగా చదివారు. ఎంత బాగుందో చెప్పలేను! అక్కడే వెనక్కి తిప్పి తిప్పి విన్నాను.

ఇప్పుడు కోపం. చివరి పరుగులో డప్పులు, వయొలిన్లు దేనికండీ? ఊపిరి కొలిమి తిత్తిలా, గుండె సుత్తిలా కొట్టుకుంటోందని టాల్‌స్టాయ్ రాసే పెట్టాడు. చప్పుడంతా ఆ మాటల్లోనే ఉంది. అతను బయల్దేరిన గుట్ట కింద పొద్దు గుంకిపోయింది, పైన ఉన్న బాష్కీర్లకి ఇంకా కనిపిస్తోంది, వాళ్లు కేకలేస్తున్నారు. కథలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే వాక్యం అది. మ్యూజిక్‌లో మునిగిపోయింది. ఇది చిన్న లోపం అని నేను అనను.

అయినా కొనండి. పల్లపు నేలను ఇంత బాగా చదివిన ఆడియో నేను ఇంకొకటి వినలేదు. పరుగు మొదలయ్యేసరికి ఆపేసి, అక్కణ్నుంచి పుస్తకంలో చదువుకోండి. మ్యూజిక్ లేకుండా ఒకటి విడుదల చేయమని పంపినవాళ్లకు రాశాను. చేస్తే అది డబ్బు పెట్టి కొంటాను.