ముందు నెట్‌వర్క్, తర్వాతే ఫోన్: 2009 నాటి అమెరికా టచ్‌స్క్రీన్ పోటీ

(దృశ్యం: నల్లని తెర మీద పక్కపక్కన రెండు ఫోన్లు. ఒకదాని కింద "2009 జూన్ 6", మరొకదాని కింద "2009 జూన్ 19" అన్న తేదీలు కనిపిస్తాయి.)

వ్యాఖ్యానం:
2009 జూన్‌లో అమెరికా దుకాణాల్లోకి పదమూడు రోజుల తేడాతో రెండు టచ్‌స్క్రీన్ ఫోన్లు వచ్చాయి. మొదటిది పామ్ సంస్థ తయారుచేసిన ప్రీ, రెండవది యాపిల్ సంస్థ ఐఫోన్ 3జీఎస్. రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఏది తీసుకున్నా ధర దాదాపు 200 డాలర్లే. కాకపోతే ప్రీ విషయంలో ముందు 300 డాలర్లు చెల్లించి, 100 డాలర్ల రిబేటు తపాలాలో తిరిగి వచ్చేదాకా వేచి ఉండాలి. అయితే ప్రీ కావాలనుకున్నవారు స్ప్రింట్ అనే మొబైల్ సేవల సంస్థకు చందాదారులు కావాలి, ఐఫోన్ కావాలనుకున్నవారు దాని పోటీ సంస్థ ఏటీ అండ్ టీకి చందాదారులు కావాలి. ఈ రెండే కాదు, బ్లాక్‌బెర్రీ స్టార్మ్ అనే ఫోన్ వెరైజన్ దగ్గర, తొలి ఆండ్రాయిడ్ ఫోన్ అయిన జీ1 టీ-మొబైల్ దగ్గర మాత్రమే దొరికేవి; ఇవి కూడా అలాంటి మొబైల్ సేవల సంస్థలే. తెర పరిమాణాన్నీ కెమెరా నాణ్యతనూ పోల్చుకుంటూ దుకాణంలో నిలబడిన మనిషి, నిజానికి రాబోయే ఇరవై నాలుగు నెలల పాటు తనకు బిల్లు పంపబోయే సంస్థను ఎంచుకుంటున్నాడు. అందుకే ఈ వీడియోలో ఆ ఎంపికను నెట్‌వర్క్ దగ్గర మొదలుపెట్టి, బిల్లు మీదుగా ఫోన్ దగ్గరికి వచ్చే వరుసలో పరిశీలిద్దాం.

(దృశ్యం: నాలుగు టవర్లు. రెండింటి మీద "జీఎస్ఎం", రెండింటి మీద "సీడీఎంఏ" అన్న అక్షరాలు.)

వ్యాఖ్యానం:
ఆ నాలుగు పెద్ద సంస్థల్లో ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ జీఎస్ఎం పద్ధతిలో నడిచేవి. వెరైజన్, స్ప్రింట్ సీడీఎంఏ పద్ధతిలో నడిచేవి. ఇవి ఒకదానితో ఒకటి పొసగని రెండు నెట్‌వర్క్ పద్ధతులు. జీఎస్ఎంలో చందాదారు గుర్తింపు సిమ్ కార్డులో ఉంటుంది కాబట్టి, ఒకే సంస్థకు కట్టిపడేసే లాక్ తీసిన ఫోన్ అయితే సిమ్ మార్చుకుని మరో సంస్థకు వెళ్లవచ్చు. ఆనాటి అమెరికా సీడీఎంఏ సేవకు సిమ్ వాడేవారు కాదు. ఫోన్ క్రమసంఖ్యను సంస్థ తన జాబితాలో నమోదు చేసుకుంటేనే ఆ ఫోన్ పనిచేసేది. కాబట్టి వెరైజన్ ఫోన్‌ను స్ప్రింట్‌కు తీసుకువెళ్లడం వినియోగదారు చేతిలో ఉన్న పని కాదు.

సిమ్ మార్చుకునే వీలున్నచోట కూడా అంతే పెద్ద చిక్కు ఒకటి ఉండేది, దాన్ని అమ్మకందారులు చాలా అరుదుగా చెప్పేవారు. ఏటీ అండ్ టీ తన 3జీ సేవను 850, 1900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల మీద, అంటే ఆ రేడియో పౌనఃపున్యాల మీద, నడిపేది. టీ-మొబైల్ 3జీ మాత్రం ఫోన్ నుంచి టవర్‌కు 1700, టవర్ నుంచి ఫోన్‌కు 2100 మెగాహెర్ట్జ్ వాడుకునేది. ఆనాటి ఐఫోన్ రేడియోకు 1700 బ్యాండ్ తెలియదు. అందువల్ల ఎంతో శ్రమపడి లాక్ తీయించి టీ-మొబైల్ సిమ్ వేసినవారికి కాల్స్ బాగానే వచ్చేవి గానీ, ఇంటర్నెట్ మాత్రం 3జీ కంటే ముందుతరానిదైన ఎడ్జ్ వేగానికే పరిమితమయ్యేది. లాక్ తీయడమంటే సాఫ్ట్‌వేర్‌లోని అడ్డు తొలగించడమే తప్ప, ఫోన్‌లో లేని రేడియోను అమర్చడం కాదు. ఫోన్ ఏయే బ్యాండ్లను పట్టుకుంటుందో చెప్పే చిన్న అక్షరాల పట్టికను నేను అన్నిటికంటే ముందు చదవమనేది ఇందుకే.

బ్యాండ్ సంఖ్యకు మరో అర్థం కూడా ఉంది. తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగం ఎక్కువ దూరం వెళుతుంది, గోడలను దాటి ఇంటి లోపలికి మెరుగ్గా చేరుతుంది. వెరైజన్‌కూ ఏటీ అండ్ టీకీ 850 బ్యాండ్ ఉండేది. స్ప్రింట్ సీడీఎంఏ సేవ 1900 మీద నడిచేది. కాబట్టి సిగ్నల్‌ను వీధిలో నిలబడి కాకుండా, మీరు రోజూ కూర్చునే గదిలో, తలుపులు మూసి పరీక్షించాలి.

(దృశ్యం: అమెరికా పటం. కొన్ని ప్రాంతాలు రంగుతో, మిగతావి తెల్లగా కనిపిస్తాయి.)

వ్యాఖ్యానం:
2009 చివర్లో వెరైజన్ తన 3జీ పటాన్నీ ఏటీ అండ్ టీ 3జీ పటాన్నీ పక్కపక్కన చూపిస్తూ ప్రకటనలు వేసింది. ఏటీ అండ్ టీ నవంబరులో కోర్టుకు వెళ్లింది. ఆ పటం తప్పని ఆ సంస్థ వాదించలేదు. తెల్లగా ఉన్న ప్రాంతాల్లో అసలు సేవే లేదని ప్రేక్షకులు పొరబడతారన్నదే దాని అభ్యంతరం. డిసెంబరులో దావాను ఉపసంహరించుకుంది. ఆ అభ్యంతరంలో మనం నేర్చుకోవలసిన అంశం ఉంది: పటంలోని రంగు ఏ తరం సేవను సూచిస్తోందో అడగకుండా పటాన్ని నమ్మకూడదు. రంగు నిండుగా ఉన్నచోట కూడా రద్దీ వేరే సంగతి. న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల్లో తమ సేవ ఆశించిన స్థాయిలో లేదని ఏటీ అండ్ టీ ఉన్నతాధికారి రాల్ఫ్ డి లా వెగా అదే డిసెంబరులో బహిరంగంగా అంగీకరించారు. ఆ నగరాల్లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా, ఒకే టవర్ మీద వేలమంది ఐఫోన్ల భారం పడటం వల్ల పేజీ తెరుచుకునేది కాదు.

(దృశ్యం: కాగితం మీద కూడికలు, ఒక్కొక్క వరుసగా.)

వ్యాఖ్యానం:
ఇక బిల్లు. 2008 జులై 11న ఐఫోన్ 3జీ 199 డాలర్లకు వచ్చినప్పుడు, అంతకుముందు 399 డాలర్లు ఉన్న ఫోన్ సగం ధరకు దొరుకుతోందని అందరూ సంతోషించారు. అయితే తొలి ఐఫోన్ నెలవారీ పథకం 59.99 డాలర్ల దగ్గర, 200 సందేశాలతో కలిపి మొదలయ్యేది. ఐఫోన్ 3జీ వచ్చాక అది 69.99 డాలర్లు అయింది, ఆ 200 సందేశాలకు మరో 5 డాలర్లు విడిగా కట్టాలి. నెలకు 15 డాలర్ల తేడా ఇరవై నాలుగు నెలలకు 360 డాలర్లవుతుంది. ఫోన్ మీద తగ్గించిన 200 డాలర్లను బిల్లులో దాదాపు రెండింతలు చేసి వసూలు చేశారన్నమాట. దీన్ని తగ్గింపు అనడం న్యాయం కాదని నా దృఢమైన అభిప్రాయం.

అదే లెక్క మన రెండు ఫోన్లకూ వేద్దాం. స్ప్రింట్ పథకంలో 450 నిమిషాల మాటలు, అపరిమిత సందేశాలు, డేటా కలిపి నెలకు 69.99 డాలర్లు. ఏటీ అండ్ టీలో ఐఫోన్‌కు అవే సౌకర్యాలు కావాలంటే సందేశాల కోసం 20 డాలర్లు అదనంగా కలిసి 89.99 డాలర్లు అయ్యేది. పన్నులు పక్కనపెట్టి, ఫోన్ ధర కలుపుకుంటే రెండేళ్లకు ప్రీ ఖర్చు సుమారు 1,880 డాలర్లు, ఐఫోన్ ఖర్చు సుమారు 2,359 డాలర్లు. దుకాణం అద్దాల వెనుక ఒకే ధర చీటీతో కనిపించిన ఫోన్ల మధ్య అసలు తేడా దాదాపు 480 డాలర్లు. మధ్యలో మానుకుందామంటే కాంట్రాక్టు రద్దు రుసుము ఉంది. 2009 నవంబరులో వెరైజన్ స్మార్ట్‌ఫోన్లకు దాన్ని 350 డాలర్లకు పెంచింది.

(దృశ్యం: ఒక వేలు తెరను నొక్కుతుంది, తెర మొత్తం కొద్దిగా లోపలికి వెళుతుంది.)

వ్యాఖ్యానం:
నెట్‌వర్క్, బిల్లు తేలాకే ఫోన్ గుణగణాలు. బ్లాక్‌బెర్రీ స్టార్మ్ తెర మొత్తం ఒకే పెద్ద బటన్‌లా పనిచేసేది. అక్షరాన్ని తాకితే చాలదు, తెర కిందికి దిగేలా నొక్కాలి. వేగంగా టైపు చేసేవారికి ఇది ఇబ్బందే. అంతకంటే పెద్ద లోపం, అందులో వైఫై లేదు. అంటే ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నా ఫోన్ వెరైజన్ టవర్ మీదే ఆధారపడాలి. ప్రీకి కింద నుంచి జారే చిన్న కీబోర్డు ఉండేది, తెరిచిన అప్లికేషన్లన్నీ పేకముక్కల్లా పక్కపక్కన ఉండి ఒకేసారి పనిచేసేవి. ఆ సౌకర్యం ఐఫోన్‌లోని ఇతర సంస్థల అప్లికేషన్లకు 2010 జూన్‌లో గానీ రాలేదు. కానీ 2009 జూన్ నాటికే ఐఫోన్ స్టోర్‌లో 50,000 అప్లికేషన్లు ఉంటే, ప్రీకి ఉన్నవి కొన్నే. ఆ లోటును తక్కువ బిల్లు పూడ్చలేకపోయింది. 2010లో పామ్‌ను హెచ్‌పీ 120 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2011 ఆగస్టులో ఆ ఫోన్ల తయారీనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. తక్కువ ఖర్చని ప్రీని ఎంచుకున్నవారి లెక్క తప్పు కాదు, కాంట్రాక్టు సాగిన రెండేళ్లూ ఆ ఫోన్ వారికి ఉపయోగపడింది. అయితే వారు అలవాటుపడిన వ్యవస్థలో తర్వాత కొనడానికి మరో ఫోన్ మిగల్లేదు.

(దృశ్యం: ఒకేలా కనిపించే రెండు ఐఫోన్ 4లు. రెండింటి తెర మీదా కాల్ నడుస్తోంది.)

వ్యాఖ్యానం:
2011 ఫిబ్రవరి 10న వెరైజన్ దుకాణాల్లోకి కూడా ఐఫోన్ 4 వచ్చింది. అదే తెర, అదే కెమెరా, దాదాపు అదే రూపం. కానీ ఏటీ అండ్ టీ 3జీ మీద స్నేహితుడితో మాట్లాడుతూనే పటంలో దారి వెతుక్కోగలిగే మనిషికి, వెరైజన్ సీడీఎంఏ మీద కాల్ మొదలవగానే టవర్ నుంచి వచ్చే ఇంటర్నెట్ ఆగిపోయేది. దారి చూసుకోవాలంటే కాల్ ముగించాల్సిందే.