మందు పనిచేయడం మానేసిందా? ఏమి మారిందో ముందు చూద్దాం

శ్రోతలందరికీ నమస్కారం.

మానసిక సమస్యలకు ఏళ్ళ తరబడి మందులు వాడేవారి ఇళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినిపిస్తుంది. "మందు పనిచేయడం మానేసింది." మొన్నటిదాకా బాగానే ఉన్న మనిషి. వేళకు నిద్రపోయారు, ఆఫీసుకు వెళ్ళారు, పిల్లల చదువు చూసుకున్నారు. ఉన్నట్టుండి పాత దిగులు తిరిగొచ్చింది. లేదా తెల్లవారుజామున మూడింటికే మెలకువ. లేదా గుండెదడ. లేదా చెవిలో ఆ పాత గొంతులు. మాత్ర అదే, వేళ తప్పలేదు, అయినా ఇలా అయింది.

ఆ రోజు ఆ ఇంట్లో ఎంత భయం ఉంటుందో నాకు తెలుసు. బెంగళూరులో హొసూరు రోడ్డుకు దగ్గరగా మందుల దుకాణం నడుపుతున్నవాడిని. ఇక్కడి పెద్ద మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపించుకోవడానికి అనంతపురం నుంచి, మదనపల్లె నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేవాళ్ళు, ఇక్కడే మారతహళ్ళిలో, కె.ఆర్.పురంలో స్థిరపడినవాళ్ళు చీటీ పట్టుకుని మా కౌంటరు ముందు నిలబడతారు. వారిలో చాలామంది మన తెలుగువాళ్ళే.

భయపడినప్పుడు జనం రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. "ఇక దీనివల్ల లాభం లేదు" అని మాత్ర ఆపేస్తారు. లేదంటే "పవర్ చాలడం లేదు" అని ఒకటికి రెండు వేసుకుంటారు. రెండూ ప్రమాదమే. అందుకే ఈరోజు మీ చెవిన ఒక్క ప్రశ్న వేసి వెళతాను. ఆపాలా అనుకునే ముందు, పెంచాలా అనుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న. ఏమి మారింది?

ఒక కార్తికమాసంలో జరిగిన సంగతి చెబుతాను. మనిషి ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

బసవనగుడిలో కార్తికంలో జరిగే వేరుశనగల జాతర, కడలెకాయి పరిషె, ఇంకో వారం ఉందనగా ఒక అమ్మాయి దుకాణానికి వచ్చింది. మనసు కొన్నాళ్ళు అతి ఉత్సాహంలోకి, కొన్నాళ్ళు దిగులులోకి వెళ్ళే బైపోలార్ సమస్యలో వచ్చే దిగులుకు లూరాసిడోన్ అనే మాత్ర వాడుతోంది, 40 మిల్లీగ్రాములది. చాలాకాలంగా ప్రతి నెలా మా దగ్గరే కొంటుంది కాబట్టి కులాసాగా ఉన్న రోజుల్లో ఆమె ఎలా ఉంటుందో నాకు తెలుసు. నవ్వుతూ పలకరించి, మా పిల్లల గురించి అడిగి గానీ చీటీ బయటికి తీయదు. ఆ రోజు తలెత్తి చూడలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"అన్నా, ఈసారి 80 ఇవ్వండి" అంది.

"చీటీలో 40 కదా ఉంది తల్లీ?"

"40 పనిచేయడం లేదన్నా. ఒంటికి అలవాటైపోయిందంటున్నారు మా ఆయన. డాక్టరుగారి అపాయింట్‌మెంటు ఇంకా మూడు వారాలుంది. అప్పటిదాకా నా వల్ల కాదు."

చీటీలో లేనిది ఇవ్వలేనని చెప్పి, కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఎప్పటినుంచి ఇలా ఉందమ్మా? పది పన్నెండు రోజులు. మాత్ర ఎప్పుడైనా మరిచిపోయావా? లేదు, ఫోనులో అలారం ఉంది. పట్టీ చూపించమన్నాను. సంచిలోంచి తీసి ఇచ్చింది. కంపెనీ మారలేదు, గడువు తీరలేదు, మిగిలిన మాత్రల లెక్క సరిపోయింది. జ్వరానికో నొప్పికో వేరే మందులేమైనా వాడావా? లేదు.

"మరి ఏమి మారిందమ్మా?"

"ఏమీ మారలేదన్నా. అంతా మామూలే."

అందరూ ఇదే అంటారు. ఏమీ మారలేదంటారు. మారిన సంగతికి, మాత్రకు సంబంధం ఉంటుందని ఎవరికీ తోచదు. అందుకని ఇంకోలా అడిగాను. "రాత్రి ఏం తిని వేసుకుంటున్నావు?"

ఒక్క క్షణం ఆగింది. "కార్తికం కదన్నా, ఒక్కపొద్దు ఉంటున్నాం. అత్తమ్మా నేనూ. మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం. రాత్రికి ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ. ఆ మజ్జిగతోనే మాత్ర."

లూరాసిడోన్‌ను ఆహారంతోనే వేసుకోవాలి. ఏదో కాస్త నోట్లో వేసుకుంటే చాలదు, కనీసం 350 క్యాలరీల ఆహారం కావాలి. అరటిపండు, పలచటి మజ్జిగ కలిపితే 150 కూడా కష్టం. కడుపులో సరిపడా తిండి ఉన్నప్పుడు ఈ మందు రక్తంలోకి ఎంత చేరుతుందో, ఖాళీ కడుపున అందులో దాదాపు సగమే చేరుతుంది. అంటే ఆమె రోజూ 40 వేసుకుంటోంది, ఒంటికి అందుతున్నది అందులో సగం. మాత్ర మారలేదు. మనిషి మారలేదు. మారినది రాత్రి భోజనం.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ రోజు ఎవరైనా ఆమె చేతిలో 80 పెట్టి ఉంటే? కార్తికం వెళ్ళేదాకా ఫరవాలేదనిపించేదేమో. పోలిపాడ్యమి మర్నాటి నుంచి రాత్రిపూట మామూలుగా అన్నం తింటుంది. అప్పుడు ఆ 80 పూర్తిగా ఒంటికి పడుతుంది. కూర్చోనివ్వని, నిలబడనివ్వని కాళ్ళ అశాంతి, మగత, కడుపులో తిప్పడం, ఇవన్నీ మొదలైతే "ఈ మందు నాకు పడదు" అని మొత్తానికే మానేసేది. మంచి మందు ఒకటి అలా చేజారిపోయేది.

ఆమెతో అక్కడి నుంచే డాక్టరుగారి క్లినిక్కుకు ఫోను చేయించాను. "బాగాలేదు, త్వరగా చూడండి" అంటే వాళ్ళకు ఏమీ అర్థం కాదు. అందుకని మాట సూటిగా చెప్పమన్నాను. "కార్తికం మొదలైనప్పటి నుంచి మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటున్నాను. రెండో వారం నుంచి దిగులు తిరిగొచ్చింది, నిద్ర లేదు." మూడు వారాల అపాయింట్‌మెంటు మర్నాటికి జరిగింది.

డాక్టరుగారు మోతాదు పెంచలేదు. ఒక్కపొద్దు మానమనీ అనలేదు. మాత్రను మధ్యాహ్న భోజనానికి జరిపారు, అంతే. అత్తగారినీ పక్కన కూర్చోబెట్టి విషయం చెప్పారట. ఆ రోజు నుంచి ఆ పెద్దావిడ కోడలి కంచం పక్కన తానే మాత్ర పెట్టి, పప్పన్నం కడుపు నిండా తినేదాకా లేవనిచ్చేది కాదట. ఈ సంగతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆవిడే. ముందు నిద్ర కుదుటపడింది. కొన్ని వారాలకు దిగులు తగ్గింది. ఒక్క రోజులో కాలేదు, నెమ్మదిగానే అయింది.

మందు బలాన్ని మార్చేది తిండి ఒక్కటే కాదు. సమయం తక్కువ కాబట్టి మిగతావి త్వరగా చెబుతాను. ఒలాంజపిన్, క్లోజపిన్ అనే మానసిక మందులు వాడేవారు సిగరెట్లు మొదలుపెట్టినా, పెంచినా, ఆ పొగ వల్ల మందు రక్తంలో తగ్గుతుంది. సిగరెట్లు హఠాత్తుగా మానేస్తే పెరుగుతుంది. మానడం మంచిదే, కానీ డాక్టరుకు చెప్పి మానాలి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ చాలా మానసిక మందుల బలాన్ని తగ్గిస్తుంది. క్షయ డాక్టరుకు మానసిక మందుల పట్టీ, మానసిక వైద్యుడికి క్షయ మందుల పట్టీ చూపించండి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవారిలో కాఫీ, ఉప్పు బాగా పెరిగితే మందు రక్తంలో తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడినా మందు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఇంకొకటి, థైరాయిడ్. అది మందగిస్తే అచ్చం దిగులులాగే ఉంటుంది. నీరసం, మబ్బు, దేనిమీదా మనసు లేకపోవడం. ఒక్క రక్త పరీక్షతో తేలే సంగతి.

ఏమీ మారకుండానే జబ్బు తల ఎత్తే రోజులూ ఉంటాయి. అది నిజం. అప్పుడు డాక్టరు దగ్గర దారులున్నాయి. మోతాదు సరిచేయడం, మరో మందు జత చేయడం, మాటలతో చేసే చికిత్స. ఏ దారి అన్నది వారు తేల్చాలంటే ముందు మన దగ్గర వివరాలు ఉండాలి.

అందుకని ఇంట్లో ఒక పని చేయండి. ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఎప్పటి నుంచి బాగాలేదో తేదీ వేయండి. ఆ తేదీకి ముందు ఒక నెల రోజుల్లో ఏం జరిగిందో గుర్తున్నంత రాయండి. తిండి వేళలు, నిద్ర వేళలు, నైట్ షిఫ్టులు, ఉపవాసాలు, కాఫీ, సిగరెట్టు, మద్యం, వేరే డాక్టరు ఇచ్చిన మందులు, ఆయుర్వేద మందులు, ఇంట్లో చావో పెళ్ళో. మందుకు సంబంధం లేదనిపించినా రాయండి. మీకు గుర్తు రానివి ఇంట్లోవాళ్ళకు గుర్తుంటాయి, వాళ్ళనీ అడగండి. మిగిలిన పట్టీలన్నీ ఆ కాగితంతో పాటు పట్టుకెళ్ళండి.

డాక్టరు చూసేదాకా మాత్ర ఆపకండి, పెంచకండి. కొన్ని మందులను హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఒళ్ళంతా కరెంటు షాకు కొట్టినట్టు ఉండడం వంటివి వస్తాయి. అప్పుడు జబ్బు ఏదో, మందు ఆపిన బాధ ఏదో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో పెద్ద నిర్ణయాలు వాయిదా వేయండి. ఉద్యోగానికి రాజీనామా ఆ వారం రాయకండి. ఇంట్లోవాళ్ళు దయచేసి "మళ్ళీ మొదలుపెట్టావా" అనకండి. ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో విన్నవాళ్ళకే తెలుసు. "రా, కలిసి తిందాం" అనండి, పక్కన కూర్చోండి.

రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే టెలి మానస్‌కు ఫోను చేయండి. నంబరు 14416. మళ్ళీ చెబుతున్నాను, 1 4 4 1 6. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన సేవ ఇది. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెంటనే వెళ్ళండి. బెంగళూరులో ఉన్నవారికి నిమ్హాన్స్ అత్యవసర విభాగం ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. ఆ మనిషిని ఒంటరిగా పంపకండి, మీరూ తోడు వెళ్ళండి.

నమస్కారం.