‘అల్మాన్యా’: జర్మన్లనే పరాయివారిగా చూపించిన హాస్య చిత్రం

(తెరపై: ఇస్తాంబుల్ వరకే గీసి ఉన్న యూరప్ పటం. దాని మీద రంగురంగుల చిన్న జెండాలు.)

ఆరేళ్ల జెంక్ జర్మనీలో పుట్టిన పిల్లవాడు. తల్లి జర్మన్, తండ్రి టర్కీ నుంచి వలస వచ్చిన కుటుంబానికి చెందినవాడు. తరగతిలో ఎవరి కుటుంబం ఎక్కడిదో అడిగి పటం మీద జెండాలు గుచ్చుతున్నప్పుడు, తనవాళ్లది అనతోలియా, అంటే టర్కీలోని ఆసియా వైపు ప్రాంతం, అని జెంక్ చెబుతాడు. ఆ పటం ఇస్తాంబుల్‌తోనే అయిపోయింది కనుక అతని జెండాను పటానికి అవతల, ఖాళీ జాగాలో గుచ్చుతారు. టర్కీ పిల్లలు ఒక జట్టు, జర్మన్ పిల్లలు ఒక జట్టుగా ఫుట్‌బాల్ ఆడబోతే అతన్ని రెండు జట్లూ తీసుకోవు. ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, “మనం టర్కీవాళ్లమా, జర్మన్లమా?” అని అడుగుతాడు. తల్లిదండ్రులిద్దరూ ఒకేసారి చెరొక జవాబు చెబుతారు.

2011 ఫిబ్రవరిలో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన ‘అల్మాన్యా’ (టర్కిష్‌లో జర్మనీ అని అర్థం) చిత్రం ఈ ప్రశ్న చుట్టూ నడుస్తుంది. డోర్ట్‌మండ్‌లో పుట్టిన యాసెమిన్ షామ్‌దెరెలి దీనికి దర్శకత్వం వహించారు. చెల్లెలు నెస్రిన్‌తో కలిసి ఆమె రాసిన ఈ కథకు ఆ ఏడాది జర్మన్ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి దక్కింది. వలస మీద వచ్చిన హాస్య చిత్రాలు చాలానే ఉన్నా, ఎవరిని చూసి నవ్వాలన్న విషయంలో ఇంత స్పష్టంగా ఆలోచించినవి తక్కువని నా అభిప్రాయం. ఆ ఆలోచన తెర మీద ఎలా పనిచేసిందో ఈ వీడియోలో చూద్దాం.

(తెరపై: నలుపు తెలుపు ఫొటో. రైల్వే స్టేషనులో పూలగుచ్ఛంతో ఒక మనిషి, పక్కన మోపెడ్.)

ముందుగా కొంత చరిత్ర చెప్పుకోవాలి. యుద్ధం తరువాత పుంజుకున్న పశ్చిమ జర్మనీ కర్మాగారాలకు పనిచేసే చేతులు చాలక, ఆ ప్రభుత్వం 1955లో ఇటలీతో మొదలుపెట్టి ఒక్కొక్క దేశంతో కార్మికుల ఒప్పందాలు చేసుకుంటూ వచ్చింది. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచి తూర్పు జర్మనీ నుంచి మనుషుల రాక ఆగిపోగా, అదే ఏడాది అక్టోబరు 30న టర్కీతో ఒప్పందం కుదిరింది. ఇస్తాంబుల్‌లోని జర్మన్ కార్యాలయంలో వైద్యులు పళ్లతో సహా ఒళ్లంతా పరీక్షించి, పనికి తగినవారినే రైలెక్కించేవారు. రెండేళ్లు పనిచేసి తిరిగి వెళ్లిపోవాలన్నది మొదటి షరతు. పని నేర్చిన మనిషిని పంపించి కొత్తవాణ్ని తెచ్చుకోవడం యజమానులకే గిట్టుబాటు కాకపోవడంతో 1964లో దాన్ని తీసేశారు.

ఆ ఏడాది సెప్టెంబరు 10న కొలోన్‌లోని డాయిట్జ్ స్టేషనులో దిగిన అర్మాందో రోద్రిగెస్ ది సా అనే పోర్చుగీసు వడ్రంగిని పది లక్షలవ ‘అతిథి కార్మికుడి’గా (ఇలా ఒప్పందాల మీద వచ్చినవారిని అక్కడ అలా పిలిచేవారు) ప్రకటించి, బ్యాండు మేళంతో స్వాగతం పలికి, ఒక మోపెడ్ బహూకరించారు. షామ్‌దెరెలి సోదరీమణులు తమ కథానాయకుణ్ని సరిగ్గా ఆ మనిషి వెనుక నిలబెట్టారు. జెంక్ తాత హుసేయిన్ యిల్మాజ్ పది లక్షల ఒకటవ కార్మికుడు. మేళమూ పూలూ ముందున్నవాడి వరకే.

ఇక చిత్రంలోని అసలు ఉపాయానికి వద్దాం. జెంక్‌ను ఊరడించడానికి అతని అక్క వరస అయిన జనాన్ తాత కథ చెప్పడం మొదలుపెడుతుంది. గతంలోకి వెళ్లిన ఆ సన్నివేశాల్లో హుసేయిన్, అతని భార్య ఫాత్మా, పిల్లలు తమలో తాము మాట్లాడుకునే టర్కిష్ అంతా మనకు చక్కని జర్మన్‌లో వినిపిస్తుంది. జర్మన్లు మాట్లాడేది మాత్రం ఎవరికీ అర్థం కాని, కల్పించిన గొణుగుడుగా వినిపిస్తుంది. బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో థియేటరులో కూర్చున్న జర్మన్ ప్రేక్షకుడికి అనతోలియా పల్లె నుంచి వచ్చిన ఇల్లాలి ప్రతి మాటా తెలుస్తుంది, ఎదుట కౌంటరు వెనుక నిలబడిన తన దేశస్థుడి మాటే తెలియదు. పాలు, రొట్టె కొనడానికి సైగలతో అవస్థ పడే ఫాత్మాను చూసి అతను నవ్వుతాడు, కానీ ఆమె పక్షాన నిలబడి నవ్వుతాడు. వలస వచ్చినవారి వచ్చీరాని మాటను ఎగతాళి చేయడం హాస్యంలో అన్నిటికన్నా చౌకైన మార్గం. ఈ చిత్రం ఆ దారిని ఒక్క నిర్ణయంతో మూసేసింది.

చూపు కూడా మాటతో పాటే తిరగబడుతుంది. గొలుసు కట్టి నడిపిస్తున్న పొట్టి కాళ్ల పొడుగు కుక్క ఆ పిల్లల కళ్లకు పెద్ద ఎలుకలా కనిపిస్తుంది. శిలువ మీద మేకులు కొట్టి ఉన్న దేహాన్ని మొదటిసారి చూసిన హుసేయిన్ కొడుకు ముహమ్మద్‌కు రాత్రి పీడకల వస్తుంది. ఇది నవ్వుకు పెట్టిన దృశ్యమే అయినా అందులో ఒక నిజం ఉంది: రోజూ చూసేవారికి ఏ ఆచారమూ వింతగా తోచదు.

(తెరపై: కార్యాలయపు బల్ల, ముద్రల వరస, రెండు పాస్‌పోర్టులు.)

నలభై ఏళ్లకు పైగా గడిచాక ఫాత్మా పట్టుదలతో భార్యాభర్తలిద్దరూ జర్మన్ పౌరసత్వం తీసుకోబోతారు. దాని ముందు హుసేయిన్‌కు ఒక కల వస్తుంది. వారానికి రెండుసార్లు పందిమాంసం తినాలి, ఆదివారం రాత్రి టీవీలో నేరపరిశోధన ధారావాహిక తప్పక చూడాలి, రెండు వేసవులకొకసారి మయోర్కా ద్వీపంలో సెలవులు గడపాలి అంటూ అధికారి షరతులు చదివి ముద్రలు గుద్దుతుంటాడు. ‘మాలో కలిసిపొండి’ అనే మాట వెనుక చట్టాన్ని పాటించమనే కోరికతో పాటు ‘మాలా తిని, మాలా సెలవులు గడపండి’ అనే ఆశ ఎంత దాగి ఉందో ఈ చిన్న దృశ్యం బయటపెడుతుంది.

తరువాత హుసేయిన్ కుటుంబాన్నంతా వెంటబెట్టుకుని సొంత ఊరికి బయలుదేరి దారిలోనే కన్నుమూస్తాడు. కొత్తగా జర్మన్ పౌరుడయ్యాడు కనుక విదేశీయుల శ్మశానంలోనే పూడ్చాలని అక్కడి అధికారులు అంటారు. జర్మనీలో బతికినన్నాళ్లూ టర్కీవాడిగా ఉన్న మనిషి టర్కీ మట్టిలోకి వెళ్లే వేళకు జర్మన్ అయ్యాడు. ఇంత చేదు విషయాన్ని హాస్యంలోనే ఉంచి చెప్పగలగడం ఈ రచన బలం.

లోటు కూడా చెప్పాలి. 1993 మే 29న జర్మనీలోని సోలింగెన్‌లో ఒక టర్కీ కుటుంబం ఇంటికి జాతివిద్వేషంతో నిప్పుపెట్టగా ఐదుగురు ఆడవారు, ఆడపిల్లలు చనిపోయారు. అలాంటి భయం యిల్మాజ్ కుటుంబం బతుకులో ఎక్కడా కనిపించదు. జర్మన్ ప్రేక్షకుణ్ని నొప్పించకుండా నవ్వించాలన్న జాగ్రత్త కొంత ఎక్కువైందని నాకు అనిపిస్తుంది. అయితే ఈ చిత్రం విడుదలకు కొద్ది నెలల ముందు, 2010 అక్టోబరులో, బహుళ సంస్కృతుల సహజీవనం పూర్తిగా విఫలమైందని చాన్సలర్ అంగెలా మెర్కెల్ ప్రకటించి ఉన్నారు. ఆ వేడిలో ఒక ముస్లిం కుటుంబాన్ని సాదాసీదా ఇంటిమనుషులుగా చూపడమే ఒక జవాబు అయింది.

మన ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలో ఈ చిత్రం మొదటి సగం పరిచయమైన కథే. తెలంగాణలో వలస మాట వస్తే ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అంటారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయి వైపు, కడప జిల్లా నుంచి కువైట్ వైపు వెళ్లినవారు ఎన్నేళ్లు పనిచేసినా అక్కడి పౌరులు కావడం దాదాపు అసాధ్యం. 1961లో జర్మనీ కోరుకున్నది కూడా అదే ఏర్పాటు, కానీ అక్కడ మనుషులు ఉండిపోయారు. పనివారిని పిలిస్తే వచ్చినది మనుషులు అన్న అర్థంలో స్విస్ రచయిత మాక్స్ ఫ్రిష్ రాసిన మాటను చిత్రం చివర తెర మీద వేయడం అందుకే.

హుసేయిన్ లాంటివారు జర్మన్ పాస్‌పోర్టు కోసం సాధారణంగా టర్కీ పౌరసత్వాన్ని వదులుకోవలసి వచ్చేది. 2024 జూన్ 27న అమల్లోకి వచ్చిన చట్టం ఆ షరతును ఎత్తివేసి, అతిథి కార్మికుల తరానికి పౌరసత్వ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. మాట్లాడే జర్మన్ వస్తే వారికి చాలు.

చిత్రాన్ని చూడదలచుకున్నవారు డబ్బింగ్‌లో కాకుండా జర్మన్ ధ్వనితో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. జర్మన్ రానివారికి అన్ని మాటలూ కొత్తగానే వినిపిస్తాయి కనుక, పాత రోజుల సన్నివేశాల్లో దుకాణదారులు, అధికారులు మాట్లాడేది ఏ భాషా కాదని ముందే గుర్తుపెట్టుకుంటే, అక్కడి ప్రేక్షకులు ఎక్కడ ఎందుకు నవ్వారో మీకూ అందుతుంది.