ఊపిరితిత్తికి నొప్పి తెలియదు

అందరికీ నమస్కారం.

ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి నాలుగు మాటలు చెప్పమంటే మేం డాక్టర్లం ముందు భయపెట్టే ఫొటోలు బయటికి తీస్తాం. ఈరోజు అవేం తేలేదు. భయంతో సిగరెట్ మానేసినవాళ్ల కంటే, ఆ టెన్షన్‌లో ఇంకోటి వెలిగించినవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

ముందుగా ఒక్క సంగతి. ఊపిరితిత్తి లోపలి భాగానికి నొప్పి తెలియదు. తెలిసేదల్లా దాని చుట్టూ ఉన్న పలుచని పొరకి, ఛాతీ గోడకి. పైగా రోజువారీ పనులకు కావలసినదాని కంటే ఊపిరితిత్తుల శక్తి చాలా ఎక్కువ. లోపల గడ్డ పెరుగుతున్నా మెట్లెక్కేటప్పుడు ఆయాసం రాకపోవచ్చు. అందుకే ఈ జబ్బు చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది. "నాకేం, బాగానే ఉన్నాను కదా" అన్న ధీమా ఇక్కడ చెల్లదు.

అలాగని ఆనవాళ్లే ఉండవని కాదు. మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు, కఫంలో సన్నటి ఎర్ర చార, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే న్యుమోనియా. పొగ తాగేవాళ్లకు దగ్గు ఎలాగూ ఉంటుంది కాబట్టి, వాళ్లు గమనించాల్సింది ఆ దగ్గు తీరు మారిందా అన్నది. గొంతు బొంగురుపోయి వారాలు గడిచినా చూపించుకోవాలి. స్వరపేటికకు వెళ్లే నరం ఛాతీలోకి దిగి మళ్లీ పైకి వస్తుంది, గడ్డ దాన్ని నొక్కవచ్చు. ఊపిరితిత్తి పైకొనలో గడ్డ ఉంటే నొప్పి భుజంలో తెలుస్తుంది. పాపం, వాళ్లు ముందు ఎముకల డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. వీటిలో చాలావాటికి మామూలు కారణాలే ఉంటాయి, నిజమే. కానీ అది తేల్చాల్సింది పరీక్ష.

ఇక పొగాకు. ప్రపంచంలో ఈ క్యాన్సర్ కేసుల్లో సుమారు 85 శాతానికి కారణం అదే. ఈ మాట తేలడానికి చాలా కాలం పట్టింది. లండన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు ఆస్పత్రుల్లోని రోగులను విచారించడం మొదలుపెట్టినప్పుడు, డాల్ అనుమానం రోడ్లకు వేసే తారు మీద, కార్ల పొగ మీద. లెక్కలు సిగరెట్ వైపు చూపించాయి. అధ్యయనం ఇంకా పూర్తి కాకముందే ఆయన సిగరెట్ మానేశారు. ఫలితాలు 1950లో అచ్చయ్యాయి. ఆ తర్వాత బ్రిటన్ డాక్టర్లనే యాభై ఏళ్లు గమనించారు. జీవితాంతం పొగ తాగినవాళ్లతో పోలిస్తే 60 ఏళ్లకు మానేసినవాళ్లు సుమారు 3 ఏళ్లు, 50కి మానేసినవాళ్లు 6, 40కి 9, 30కి మానేసినవాళ్లు 10 ఏళ్లు ఎక్కువ బతికారు. "ఈ వయసులో మానేసి ఏం లాభం?" అనేవాళ్లకు ఈ అంకెలు చూపించండి.

"నేను లైట్ సిగరెట్టే తాగుతాను" అనేవాళ్లూ ఉంటారు. ఆ సిగరెట్ ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని జాగ్రత్తగా చూడండి. చుట్టూ వరుసగా సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. సిగరెట్లను పరీక్షించే యంత్రం పీల్చినప్పుడు వాటిలోంచి గాలి కలిసి పొగ పలుచబడుతుంది, పొగలో ఉండే తారు అనే జిగట పదార్థం తక్కువని లెక్క వస్తుంది. మనిషి పట్టుకుంటే ఆ రంధ్రాలు పెదవుల కింద, వేళ్ల కింద మూసుకుపోతాయి. చాలలేదనిపించి ఇంకా లోతుగా లాగుతాడు. రోజుకు పది తాగేది ఐదుకు తగ్గించినా ముప్పు సగానికి పడిపోదు. రోజుకు ఎన్ని అన్నదాని కంటే ఎన్నేళ్లుగా అన్నదే ఈ క్యాన్సర్‌లో పెద్ద లెక్క. పూర్తిగా మానేసిన పది పదిహేనేళ్లకు ముప్పు దాదాపు సగమవుతుంది.

మానడం మనోబలం ఒక్కదానితో అయ్యే పని అని నేను అనుకోను. నికోటిన్ కొన్ని సెకన్లలో మెదడుకు చేరి అలవాటును బిగిస్తుంది. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్, నమిలే నికోటిన్ గమ్ కలిపి వాడితే ఏదో ఒకటి వాడినదాని కంటే ఫలితం బాగుంటుంది. వరెనిక్లిన్ లాంటి మందులూ ఉన్నాయి, డాక్టర్‌ని అడగండి. ఒకసారి మానలేకపోతే మళ్లీ ప్రయత్నించాలి, చాలామంది అలాగే మానారు.

పొగ ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. పక్కవాళ్ల పొగ, డీజిల్ పొగ, గాలి లేని గదిలో మండే బొగ్గు, ఇవన్నీ కారణాలే. నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ అనే వాయువుకు రంగు, వాసన ఉండవు. అది ఇళ్లలో పోగుపడుతుంది, కొలిచి చూస్తేనే తెలుస్తుంది. పాత ఆస్బెస్టాస్ రేకుల దుమ్ము కూడా ఒక కారణమే, వాటిని కోయడం, రంధ్రాలు వేయడం మీరే చేయకండి. విటమిన్ బిళ్లలతో కాపాడుకుందామనుకుంటే, పొగ తాగేవాళ్లకు బీటా కెరోటిన్ (శరీరంలో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఇచ్చిన పరిశోధనల్లో క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది.

స్కానింగ్ గురించి చాలామంది అడుగుతుంటారు. మామూలు ఎక్స్‌రేతో ముందే పట్టుకోవాలని చూస్తే మరణాలు తగ్గలేదు. తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్ వేరు. అమెరికాలో 50 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో ఎక్స్‌రే తీసినవాళ్లతో పోలిస్తే దీనివల్ల ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేలింది. ఇది అందరికీ కాదు. అక్కడి నిపుణుల సూచన 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉండి, రోజుకో ప్యాకెట్ (20 సిగరెట్లు) చొప్పున 20 ఏళ్లు లేదా అంతకు సమానంగా తాగి, ఇప్పటికీ తాగుతున్నవాళ్లకు, లేదా మానేసి 15 ఏళ్లు దాటనివాళ్లకు. స్కాన్‌లో చిన్న మచ్చ కనిపించగానే కంగారు పడొద్దు, ఎక్కువ భాగం క్యాన్సర్ కావు.

చివరగా, జబ్బు బయటపడ్డాక "ఇంక మానితే ఎంత, మానకపోతే ఎంత" అని కుటుంబమే రోగికి ప్యాకెట్ అందించడం చూస్తుంటాను. అలా చేయకండి. అప్పుడు మానినా ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు తగ్గుతాయి, చికిత్సను శరీరం బాగా తట్టుకుంటుంది. పరామర్శకు వెళ్లినవాళ్లు మాత్రం మొదటి ప్రశ్నగా "సిగరెట్ తాగేవాడివా?" అని అడగడం మానేస్తే బాగుంటుంది.