యముడు అడగొద్దన్న ప్రశ్న

సభకు నమస్కారం.

కరపత్రంలో 'మరణ భయం' అన్న మాట చూసి ఒకరిద్దరు మిత్రులు ఫోన్ చేశారు. "శుభమా అని సభ పెట్టుకుంటే ఇదేం టాపిక్కండీ?" అని. వాళ్లననడానికి లేదు. మన ఇళ్లలో చావు మాటెత్తితే చాలు, "తథాస్తు దేవతలుంటారు, ఊరుకో" అంటారు పెద్దలు. అసలు ఆ మాట ఎత్తొద్దని సాక్షాత్తూ యముడే అన్నాడు.

కఠోపనిషత్తు కథ మీకు తెలిసిందే. ఒట్టిపోయిన ఆవుల్ని దానమిస్తున్న తండ్రిని "మరి నన్నెవరికిస్తావు?" అని నచికేతుడు పదేపదే అడిగాడు. విసిగిపోయిన తండ్రి "నిన్ను మృత్యువుకిస్తా" అనేశాడు. కుర్రాడు నిజంగానే యముడింటికి వెళ్లి, ఆయన లేకపోతే మూడు రాత్రులు పస్తున్నాడు. తిరిగొచ్చిన యముడు నొచ్చుకుని మూడు వరాలిస్తానన్నాడు. మూడో వరంగా పిల్లాడు అడిగింది ఇదీ: చచ్చిపోయినవాడు ఉంటాడని కొందరంటారు, ఉండడని కొందరంటారు, ఏది నిజం? అప్పుడు యముడు బేరానికి దిగాడు. నూరేళ్లు బతికే కొడుకుల్నీ మనవల్నీ ఇస్తాను, ఏనుగులు, గుర్రాలు, బంగారం ఇస్తాను, నీక్కావలసినన్నేళ్లు ఆయుష్షిస్తాను. "నచికేతో మరణం మానుప్రాక్షీః." మరణం గురించి మాత్రం అడక్కు. కుర్రాడు లొంగలేదు. ఆ గుర్రాలూ, ఆ ఆటపాటలూ నీ దగ్గరే ఉంచుకో అన్నాడు.

ఆ తర్వాత యముడు ఆత్మ గురించి చెప్పిన జవాబు జోలికి నేను వెళ్లను. దానికి నాకంటే అర్హులున్నారు. నన్ను పట్టుకున్నది ఆ బేరమే. చావు దేవుడు సైతం ముందు మాట మార్చడానికే చూశాడు.

మహాభారతంలో యక్షుడు ధర్మరాజుని ఈ లోకంలో ఆశ్చర్యమేమిటని అడుగుతాడు. రోజూ ప్రాణులు యముడింటికి పోతూనే ఉన్నాయి, మిగిలినవాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోదామనుకుంటారు, ఇంతకంటే ఆశ్చర్యమేముందంటాడు ధర్మరాజు. ఈ శ్లోకాన్ని మనం ఎన్నో ఉపన్యాసాల్లో విన్నాం. కానీ ఆ జవాబు చెప్పేటప్పుడు నలుగురు తమ్ముళ్లూ ఎదురుగా మడుగు గట్టున విగతజీవులై పడి ఉన్నారన్న సంగతి ఎవరూ గుర్తుచెయ్యరు. అది పరీక్ష హాల్లో రాసిన జవాబు కాదు.

పతంజలి ఇంకో అడుగు ముందుకేశాడు. యోగసూత్రాల్లో మనిషిని పీడించే అయిదు క్లేశాల్లో చివరిది అభినివేశం, అంటే బతుకు మీది పట్టు, చావంటే భయం. అది తనంతట తానే ప్రవహిస్తుందనీ, విద్వాంసుడిలో కూడా అంతే బలంగా నాటుకుని ఉంటుందనీ అంటాడు. పండితులకు మినహాయింపు ఇవ్వని సూత్రం కాబట్టి నాకు ఇష్టం. నా ప్రసంగం వింటే మీ భయం పోతుందని నేను ఈ సాయంత్రం చెప్పలేనిది కూడా అందుకే.

భయం పోగొడతానని ధైర్యంగా చెప్పినవాడు గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్. మనం ఉన్నంతసేపూ చావు లేదు, చావు వచ్చాక మనం లేము, ఇద్దరికీ ఎక్కడా ఎదురుపడే పని లేదు, ఇంక భయమెందుకు? రెండు శతాబ్దాల తర్వాత రోమన్ కవి లుక్రీషియస్ దీనికి ఇంకో మాట కలిపాడు. మనం పుట్టకముందు గడిచిన కాలమంతా మనకేమైనా బాధ అనిపించిందా? పోయాక గడిచేదీ అంతే.

తర్కంలో తప్పు పట్టుకోవడం కష్టం. కానీ తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తే ఈ తర్కం పనిచెయ్యదని ఇంగ్లిష్ కవి ఫిలిప్ లార్కిన్ 1977లో ఒక కవిత రాశాడు. అనుభవంలోకి రానిదానికి భయపడటం అవివేకమని మీరంటున్నారు, చూపు లేకపోవడం, వినికిడి లేకపోవడం, ఆలోచించడానికీ ప్రేమించడానికీ ఏమీ లేకపోవడం, సరిగ్గా దానికే కదా నా భయం అంటాడు. ఎపిక్యూరస్ శిష్యులు దీనికి ఏం జవాబిస్తారో నాకు తోచదు.

ఎపిక్యూరస్ తన చివరి రోజున స్నేహితుడికి రాసిన ఉత్తరం ఒకటి మనకు మిగిలింది. మూత్రం బిగిసిపోయి, రక్త విరేచనాలతో భరించలేని నొప్పి. అయినా సంతోషంగానే ఉన్నానన్నాడు. ఎందుకట? "మనం చేసుకున్న సంభాషణలు గుర్తు తెచ్చుకుంటున్నాను" అని. తన ప్రసిద్ధ తర్కం అక్కడ ఎత్తనే లేదు. స్నేహితుడితో చెప్పుకున్న కబుర్లు ఎత్తాడు.

మన దగ్గర చావు మీద పద్యం అంటే ఎవరికైనా జాషువా గుర్తొస్తారు. "ఎన్నో యేండ్లు గతించిపోయినవి గానీ..." అని హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను మొదలవగానే అప్పటిదాకా కునుకుతున్న జనం లేచి కూర్చునేవారు. రాగం తీసిన నటుడికి వన్స్ మోర్‌లు. అర్ధరాత్రి పూట, పిల్లల్ని ఒళ్లో వేసుకుని, బఠాణీలు నములుతూ శ్మశానం పద్యాన్ని మళ్లీ పాడమని అడిగిన జాతి మనది! అక్కడ అందరూ అందరి చావు గురించీ వింటున్నారు, ఎవరూ తన చావు గురించి వినడం లేదు. అందుకే అంత హాయి.

కానీ జాషువా అంత హాయిగా వదిలే కవి కాదు. అదే పద్యంలో "ఏ తల్లులల్లాడిరో" అంటారు, వాళ్ల కన్నీళ్లకు రాళ్లే క్రాగిపోయాయంటారు. తర్వాత "ఇట నస్పృశ్యత సంచరించుటకు దావే లేదు" అంటారు. శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదట. కులానికో శ్మశానం ఉన్న ఊళ్లను చూడని మనిషా ఆయన? పాతిపెట్టడానికి జాగా కోసం దళితులు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే రోజులు ఇప్పటికీ పోలేదు. ఆ పద్యాన్ని శ్మశాన వర్ణనగా క్లాసులో చెప్పేస్తారు. నాకది ఊరి మీద వేసిన దెబ్బలా వినిపిస్తుంది. మట్టికి లేని పట్టింపు మీకెందుకురా అని.

అందరి చావు నుంచి నా చావు దగ్గరకు రావడానికి రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ కావాలి. 1869 సెప్టెంబరులో ఆయన ఎస్టేటు కొనడానికి వెళ్తూ అర్జమాస్ అనే ఊళ్లో రాత్రి ఆగాడు. వయసు 41. 'యుద్ధము - శాంతి' దాదాపు పూర్తయింది, పేరుంది, ఆస్తి ఉంది, ఒంట్లో ఏ జబ్బూ లేదు. రాత్రి రెండింటికి ఉన్నట్టుండి ఎన్నడూ ఎరగని భయం ముంచేసిందని భార్యకు ఉత్తరం రాశాడు. చాలా ఏళ్లకు దాన్నే కథగా మొదలుపెట్టి, పూర్తిచెయ్యకుండా వదిలేశాడు. అందులో సున్నం కొట్టిన చదరపు గది, కిటికీకి ఎర్ర కర్టెన్. ఇంతకీ దేనికి భయపడుతున్నాను అని ఆ మనిషి తనను తాను అడుగుతాడు. "నాకే, ఇక్కడే ఉన్నాను" అంటుంది చావు.

సరిగ్గా 27 ఏళ్లకు, 1896లో, మదురైలో బాబాయి ఇంట్లో మేడ గదిలో ఒంటరిగా కూర్చున్న 16 ఏళ్ల వేంకటరామన్‌కు ఇదే జరిగింది. జబ్బేమీ లేదు, చచ్చిపోతున్నానన్న భయం మాత్రం పట్టుకుంది. టాల్‌స్టాయ్ బండి కట్టించుకుని బయల్దేరాడు. ఈ కుర్రాడు ఎవర్నీ పిలవకుండా, శవంలా కాళ్లూ చేతులూ బిగదీసుకుని, ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. సరే, ఈ శరీరం పోయింది, మరి నేను పోయానా అని చూసుకున్నాడట. ఆరు వారాల్లో అరుణాచలం బయల్దేరి రమణ మహర్షి అయ్యాడు. 1950లో చేతికి కాన్సర్ వచ్చి ఆయన పోయే రోజుల్లో భక్తులు ఏడుస్తుంటే "నేనెక్కడికి పోతాను? ఇక్కడే ఉన్నాను" అన్నారు. అర్జమాస్ గదిలో చావు అన్న మాటను ఇక్కడ చనిపోతున్న మనిషి అన్నాడు. దీన్నుంచి నేనేమీ తేల్చను. అలాంటి ధైర్యం అందరికీ పట్టుబడేది కాదు. మనలో ఎక్కువమందిమి టాల్‌స్టాయ్ జట్టే.

ఆ జట్టు గురించి టాల్‌స్టాయే రాసిన పుస్తకం 1886లో వచ్చిన 'ఇవాన్ ఇల్యిచ్ మరణం'. కథ మొదలయ్యేసరికే మనిషి పోయాడు. కోర్టులో తోటి ఉద్యోగులు పేపర్లో నల్ల గీతల మధ్య వార్త చూడగానే, ఆ పోస్టు ఎవరికొస్తుందీ, తమలో ఎవరికి ప్రమోషనూ అని లెక్కలేసుకుంటారు. పోయింది ఆయన, నేను కాదు అని ప్రతివాడికీ లోపల చిన్న సంతోషం. పరామర్శకు వెళ్లిన ప్యోత్ర్ ఇవానోవిచ్ మెత్తటి పీట మీద కూర్చుంటే దాని స్ప్రింగులు ఎగదన్నుతుంటాయి. ఆ ఇబ్బందిలోనే పోయినాయన భార్య ఏడుపు ఆపుకుని ప్రభుత్వం నుంచి ఇంకాస్త డబ్బు వచ్చే దారుందా అని వాకబు చేస్తుంది. ఇంకో మిత్రుడు రాత్రి పేకాట గురించి కళ్లతో సైగ చేస్తాడు. మనం శ్మశాన వైరాగ్యం అంటాం. వీళ్లకు అది కూడా లేదు.

తర్వాత వెనక్కి వెళ్తాం. ఇవాన్ ఇల్యిచ్ 45 ఏళ్ల జడ్జి. కొత్తింట్లో కర్టెన్లు ఎలా వేలాడాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీద నుంచి జారాడు. కిటికీ పిడి పక్కటెముకల కింద తగిలింది. అంతే జరిగింది. కొన్నాళ్లకు అక్కడే నొప్పి, నోట్లో వింత రుచి, డాక్టర్లు. అది మూత్రపిండమా, పేగా అని వాళ్లు తేల్చుకుంటుంటే ఇతనికి కావలసింది ఒకే ప్రశ్నకు జవాబు: ప్రమాదమా కాదా? చెప్పరు. తాను కోర్టులో ముద్దాయిలతో మాట్లాడిన పద్ధతిలోనే వాళ్లు తనతో మాట్లాడుతున్నారని అతనికి తడుతుంది.

చిన్నప్పుడు తర్కశాస్త్రం పుస్తకంలో చదివాడు: కైయస్ మనిషి, మనుషులు చస్తారు, కాబట్టి కైయస్ చస్తాడు. కైయస్ విషయంలో నిజమే. కానీ నేను కైయస్‌ను కాదే! చారల తోలు బంతి వాసన కైయస్‌కేం తెలుసు? అమ్మ పట్టు గౌను గరగర కైయస్ విన్నాడా? అమ్మ చేతిని నాలా ముద్దుపెట్టుకున్నాడా? తత్వశాస్త్రం కైయస్‌కు సమాధానం చెప్పింది. తోలు బంతికి చెప్పలేకపోయింది. సాహిత్యం ఎందుకు అని అడిగేవాళ్లకు నేను ఈ పేజీ తీసి చూపిస్తాను.

అతన్ని అన్నిటికంటే ఎక్కువ హింస పెట్టింది నొప్పి కాదు, అబద్ధం. నువ్వు చనిపోవడం లేదు, జబ్బు చేసిందంతే, మందులేసుకుని పడుకుంటే తగ్గిపోతుందని భార్యా, డాక్టర్లూ, వచ్చేపోయేవాళ్లూ ఆడే నాటకం. అది అబద్ధమని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు, పైగా అతను కూడా అందులో పాత్ర వెయ్యాలి. జబ్బు చేసిన పిల్లాణ్ని నిమిరినట్టు ఎవరైనా నిమిరి, తన కోసం ఏడిస్తే బావుండునని అతని కోరిక. హోదా ఉన్న మనిషి, గడ్డం నెరుస్తున్న మనిషి, అడగలేడు.

ఆ ఇంట్లో అబద్ధమాడనివాడు ఒక్కడే, గెరాసిమ్ అనే పల్లెటూరి పనివాడు. మలమూత్రాలు ఎత్తేదీ వాడే. కాళ్లు పైకెత్తి ఉంచితే నొప్పి తగ్గుతోందంటే ఆ కాళ్లను భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చుంటాడు. మనమందరం చచ్చేవాళ్లమే కదా, ఈమాత్రం కష్టపడితే ఏమైంది అంటాడు. అంతకు మించి వాడికి ఫిలాసఫీ లేదు.

చివరి మూడు రోజులూ ఇవాన్ ఇల్యిచ్ ఆగకుండా అరుస్తాడు. ఆఖర్న గాల్లో కొట్టుకుంటున్న చెయ్యి స్కూల్లో చదివే కొడుకు తల మీద పడుతుంది. పిల్లాడు ఆ చేతిని పట్టుకుని పెదాలకు ఆనించుకుని ఏడుస్తాడు. భయం వదిలింది ఆ క్షణంలోనే.

ఇది చదివినప్పుడల్లా నాకు సోక్రటీస్ గది గుర్తొస్తుంది. క్రీ.పూ. 399లో ఆయన విషం తాగిన రోజు భార్య ఏడుస్తుంటే ఇంటికి పంపించేశాడు. తర్వాత శిష్యులు భోరుమంటే, ఇలా జరుగుతుందనే కదా ఆడవాళ్లను పంపేశాను అని మందలించాడు. ఆ సన్నివేశాన్ని రాసిన ప్లేటో ఆ రోజు ఒంట్లో బాగాలేక అక్కడ లేడని తన పుస్తకంలోనే ఉంది. అక్కడ ఎవరూ అబద్ధమాడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఏడ్చేవాళ్లను బయటికి పంపితేగానీ నిలబడని ధైర్యం కంటే, కొడుకు ఏడుపుతో తెరిపిన పడిన ఆ పిరికి జడ్జి చావు నాకు దగ్గరగా ఉంటుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు మన ఆసుపత్రికి వద్దాం. "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని పిలుస్తారు. కొడుకో అల్లుడో వెళ్తాడు. బయాప్సీ రిపోర్టు సంగతి వరండాలో నిలబడి మాట్లాడుకుంటారు. "నాన్నగారికి చెప్పకండి డాక్టర్, టెన్షన్ పడతారు." లోపలికొచ్చి "ఏం లేదు నాన్నా, అల్సరట, నాల్రోజుల్లో ఇంటికెళ్లిపోదాం" అంటారు. పెద్దాయన "అలాగేరా" అంటాడు. జుట్టు రాలిపోతోంది, ఎప్పుడూ రాని చుట్టాలు అమెరికా నుంచి దిగుతున్నారు, కూతురు బాత్రూంలోకెళ్లి కళ్లు తుడుచుకుని వస్తోంది. ఆయనకు తెలియదా? తనకు తెలిసిన సంగతి పిల్లలకు తెలిస్తే వాళ్లు తట్టుకోలేరని ఆయన నటిస్తున్నాడు. ప్రేమతోనే చేస్తున్నామిదంతా, కాదనను. కానీ పొలం కౌలు సంగతి, తమ్ముడితో పాత తగాదా, అమ్మను ఎవరు చూసుకోవాలన్న మాట, ఇవన్నీ ఆయన ఎవరితో చెప్పుకోవాలి? ఆ గదిలో గెరాసిమ్ పని ఆయా చేస్తోంది. ఆవిడతో అన్న మాటలు చాలాసార్లు పిల్లలకు పదకొండో రోజున తెలుస్తాయి.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు లివింగ్ విల్‌కు చట్టబద్ధత ఇచ్చింది. కోలుకునే ఆశ లేని స్థితి వస్తే వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చు. మొదట జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ దాకా వెళ్లాల్సి వచ్చేది. 2023 జనవరిలో దాన్ని సులువు చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీతోనో గెజిటెడ్ ఆఫీసరుతోనో ధ్రువీకరించుకుంటే చాలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసుకోవచ్చు. ఈ హాల్లో ఎంతమంది రాశారని అడగను, నాకు సమాధానం తెలుసు. నేను మా ఇంట్లో ఆ మాటెత్తితే "ఇప్పుడవన్నీ ఎందుకు, ముందు భోజనానికి రండి" అన్నారు. యముడు ఏనుగులూ గుర్రాలూ ఇస్తానన్నాడు, మా ఇంట్లో గుత్తివంకాయ కూర పెట్టారు. తినేసి, మళ్లీ ఎత్తాను. కాగితం ఇంకా సంతకం కాలేదు, మాటలైతే మొదలయ్యాయి.

ప్రశ్నలుంటే అడగండి. ఒప్పుకోనివాళ్లు ముందు మాట్లాడితే నాకు ఇంకా సంతోషం.