ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటున్నారా? ముందు మీ సెల్లార్‌లో ప్లగ్ చూడండి

నమస్తే అండి. ఎలక్ట్రిక్ స్కూటర్ వీడియో అనగానే కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ బండి తీసుకోమంటావ్?" చెప్తాను, చివర్లో పేర్లతో సహా చెప్తాను. కానీ దానికంటే ముందు నేను మిమ్మల్ని అడిగేది ఒకటుంది. రాత్రిపూట మీ బండి ఎక్కడ పెడతారు? అక్కడ ప్లగ్ ఉందా? ఉంటే ఆ కరెంటు ఎవరి మీటర్‌లో పడుతుంది? వీటికి జవాబు లేకుండా షోరూమ్‌లో అడ్వాన్స్ కట్టకండి.

నేను నడిపే బండి పేరు మాత్రం ఈ వీడియోలో చెప్పను. చెప్తే కామెంట్లలో కొట్లాట మొదలై అసలు సంగతి పక్కకు పోతుంది. నా రూటు చెప్తా. దిల్‌సుఖ్‌నగర్ నుంచి గచ్చిబౌలి. మలక్‌పేట, లక్డీకాపూల్, మెహిదీపట్నం, టోలీచౌకి, షేక్‌పేట ఫ్లైఓవర్ మీదుగా. రానూపోనూ దాదాపు 50 కిలోమీటర్లు. ఆఫీసు పార్కింగ్‌లో ఛార్జింగ్ లేదు, అంతా ఇంటి దగ్గరే.

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా చూడండి. ఇది మా సెల్లార్‌లో పిల్లర్‌కి బిగించి ఉన్న పాత సాకెట్. ఎలక్ట్రీషియన్ తీసేశాక చూపించడానికి దాచిపెట్టా. ఈ కుడివైపు రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, కొద్దిగా ఉబ్బింది. దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కాలిన వాసన. లోపల ఇత్తడి పట్టు వదులైపోయింది, ప్లగ్ పిన్ను గట్టిగా పట్టుకోవట్లేదు. 750 వాట్ల ఛార్జర్ లాగేది మూడున్నర ఆంపియర్ల లోపే, పెద్ద లోడేం కాదు. కానీ ఇస్త్రీ పెట్టె కాసేపు లాగి ఆగుతుంది, ఈ ఛార్జర్ నాలుగైదు గంటలు ఆపకుండా లాగుతుంది. వదులు సాకెట్ కాలేది అందుకే.

కాబట్టి చేయించాల్సిన పని ఇది: 16 ఆంపియర్ల మంచి సాకెట్, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి విడిగా ఒక ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. మన పాత అపార్ట్‌మెంట్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ, పైన పెద్ద రంధ్రానికి వెనకాల వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంప్ తెచ్చి ఒక వైరు ఫేజ్‌లో, ఒకటి న్యూట్రల్‌లో పెడతాడు, బల్బు నిండుగా వెలుగుతుంది. న్యూట్రల్‌లోంచి తీసి ఎర్త్‌లో పెట్టినా అంతే వెలగాలి. మిణుకుమంటే ఎర్తింగ్ సరిగా లేనట్టు. ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, ఉన్న ఇళ్లలో ఈ పని చేస్తే అది ట్రిప్ అవుతుంది. అలా అయితే ఎర్త్ వైరు ఉన్నట్టే, కానీ ఎర్తింగ్ ఎంత బాగుందో దీంతో తెలియదు. ఇదంతా మీరు చేయకండి, తెలిసినవాడితో చేయించండి. ఇప్పుడు వచ్చే చాలా ఛార్జర్లు ఎర్తింగ్ లేదని తెలిస్తే ఛార్జింగే ఎక్కించవు. ఎర్ర లైటు చూసి "ఛార్జర్ పోయింది" అని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లేవాళ్లు బోలెడుమంది. ఛార్జర్ బాగానే ఉంటుంది, గోడలోనే తేడా.

అసోసియేషన్‌వాళ్లతో మాటలు పడతాయి, తప్పదు. "కామన్ మీటర్ నుంచి నీ బండికి కరెంటా?" అంటారు. వాళ్లు అనేదీ న్యాయమే. మీ ఫ్లాట్ మీటర్ నుంచి కిందికి లైను లాగించుకోండి, లేదా సబ్‌మీటర్ పెట్టించి నెలనెలా రీడింగ్ ఫొటో వాట్సాప్ గ్రూపులో వేయండి. గొడవ ఉండదు. రెండూ కుదరకపోతే బ్యాటరీ బయటికి తీసుకోగలిగే బండి చూడండి. హీరో వాళ్ల విడా ఆ పద్ధతే. కాకపోతే ఒక్కో బ్యాటరీ ప్యాక్ పది కిలోలపైన ఉంటుంది, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి రోజూ మోయడం ఎవరివల్ల అవుతుందో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. హోండా యాక్టివా ఈ అయితే స్టేషన్‌కి వెళ్లి బ్యాటరీ మార్చుకునే లెక్క. మీ దారిలో స్టేషన్ లేకపోతే దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు రేంజ్, అంటే ఒక్క ఛార్జ్‌కి బండి ఎన్ని కిలోమీటర్లు పోతుందో. బ్రోషర్‌లో కనిపించే ఐడీసీ (ఇండియన్ డ్రైవింగ్ సైకిల్) నంబర్ ల్యాబ్‌లో కొలిచింది. మన రోడ్డు మీద, మన బరువుతో, వెనకాల మనిషితో అది రాదు. నా లెక్క సింపుల్: బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లో చూసి 30తో గుణించండి. ఏథర్ రిజ్టా తీసుకుంటే 2.9 ప్యాక్‌కి కంపెనీ ఐడీసీ 123 చెప్తుంది, మన లెక్కలో 87. పెద్దది 3.7, దానికి 159 చెప్తారు, మనం 111 అనుకోవాలి. నెమ్మదిగా నడిపితే ఇంతకంటే ఎక్కువే వస్తుంది. స్పోర్ట్ మోడ్‌లో ఫ్లైఓవర్లు ఎక్కితే ఇంకా తగ్గుతుంది. ఆ వచ్చిన నంబర్ మీ రోజువారీ తిరుగుడుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, ఎందుకంటే బ్యాటరీ ఏటా కొంత తగ్గుతుంది, పైగా దారిలో "వచ్చేటప్పుడు అత్తయ్యని అమీర్‌పేటలో దింపేసి రా" అనే ఫోన్ వస్తూనే ఉంటుంది. అంతకు మించి పెద్ద ప్యాక్‌కి డబ్బు పెట్టడం వేస్ట్. రోజూ 15 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి టీవీఎస్ ఐక్యూబ్ 2.2 ప్యాక్ చాలు. 2.2 ఇంటూ 30, అరవై ఆరు. ఇంకేం కావాలి?

డబ్బు సంగతి. ఇక్కడ చాలా వీడియోలు మీకు సగమే చెప్తాయి. నాలాగా రోజుకి 50, నెలకి 25 రోజులు అంటే 1250 కిలోమీటర్లు. 45 మైలేజీ ఇచ్చే పెట్రోల్ స్కూటర్‌కి దాదాపు 28 లీటర్లు, లీటర్ 107 చొప్పున వేసుకుంటే మూడు వేల దగ్గర. ఎలక్ట్రిక్‌కి వంద కిలోమీటర్లకి ఛార్జర్ నష్టాలతో కలిపి మూడున్నర యూనిట్లు, అంటే నెలకి 44 యూనిట్లు. యూనిట్ 9 రూపాయల స్లాబ్‌లో ఉన్నా నాలుగు వందలు. నెలకి రెండున్నర వేలు మిగులు. బాగుంది కదా. కానీ రోజుకి పది కిలోమీటర్లు మాత్రమే తిరిగేవాళ్లకి మిగిలేది నెలకి ఐదొందలు. అలాంటప్పుడు పెట్రోల్ బండి కంటే 30 వేలు ఎక్కువ పెట్టి కొంటే, ఆ తేడా తిరిగి రావడానికి ఐదేళ్లు. ఆదా కోసమే అయితే మీకు ఇది తొందర పడాల్సిన విషయం కాదు. కిక్ లేదు, ఆయిల్ మార్చే పని లేదు, సౌండ్ లేదు, ఆ సుఖం కోసం కొంటానంటే కొనండి, నేనూ అదే అంటాను.

సబ్సిడీని చూసి మురిసిపోకండి. 2021లో కేంద్రం నుంచి బ్యాటరీ కిలోవాట్ అవర్‌కి 15 వేలు ఇచ్చారు, 2023 జూన్‌లో 10 వేలకి తగ్గించారు, 2024 అక్టోబర్‌లో పీఎం ఈ-డ్రైవ్ పథకం వచ్చేసరికి 5 వేలు, తర్వాత అందులో సగం. తెలంగాణలో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు అని జీవో ఇచ్చారు. ఆంధ్రావాళ్లు మాత్రం మీ ఊళ్లో ఆన్‌రోడ్ కొటేషన్ తీసుకున్నాకే లెక్క వేసుకోండి, హైదరాబాద్ రేటు మీకు వర్తించదు.

సర్వీస్. నాకు ఒకసారి పొద్దున్నే బండి ఆన్ కాలేదు. పెద్ద బ్యాటరీలో ఛార్జ్ సగానికి పైనే ఉంది. పోయింది లోపల ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. డిస్‌ప్లే, లైట్లు, తాళం, బండిని నిద్ర లేపే సర్క్యూట్ అన్నీ దానిమీదే. అది పోతే పెద్ద బ్యాటరీ ఉన్నా ఏం లాభం లేదు. మన వీధి మెకానిక్ చెయ్యి పెట్టనన్నాడు. టోయింగ్ వచ్చింది, సర్వీస్ సెంటర్‌లో పార్ట్ లేదన్నారు, వారం దాటింది, ఆ వారమంతా మెట్రో. అందుకే చెప్తున్నా, షోరూమ్‌లో టెస్ట్ రైడ్ చేశాక, శనివారం పొద్దున వాళ్ల సర్వీస్ సెంటర్‌కి ఊరికే వెళ్లండి. బయట దుమ్ము పట్టి ఎన్ని బండ్లు నిలబడి ఉన్నాయో చూడండి. కుర్చీల్లో కూర్చున్నవాళ్లని "ఎన్ని రోజులైంది బ్రదర్?" అని అడగండి. నా రివ్యూ కంటే వాళ్ల మాటే నమ్మండి.

కాలిపోతాయా అంటే... 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కేంద్రం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసింది, 2022 డిసెంబర్‌లో ఒక దశ, 2023 మార్చి ఆఖరున రెండో దశ. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఆ రెండో దశకి ముందు తయారైన బండి అయితే వదిలేయండి, ఎంత చవగ్గా వచ్చినా సరే. ఎండాకాలం ఇంటికి రాగానే ప్లగ్ పెట్టకండి, ఓ అరగంట చల్లారనివ్వండి. బెడ్‌రూమ్‌లో, తలుపు దగ్గర ఛార్జింగ్ వద్దు.

వానలో నడపొచ్చు. బ్యాటరీకి రాసే ఐపీ67 రేటింగ్ అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పెట్టి చేసే పరీక్ష. దాన్ని నమ్ముకుని మునిగిన అండర్‌పాస్‌లోకి దిగమని కాదు. వాటర్ వాష్‌లో ప్రెషర్ గన్‌ని ఛార్జింగ్ పోర్ట్ వైపు కొట్టనివ్వకండి.

పిల్లలకి లైసెన్స్ అక్కర్లేని బండి అని అమ్మేవాటి గురించి ఒక్క మాట. 250 వాట్ల లోపు మోటార్, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం, ఈ రెండూ ఉంటేనే ఆ మినహాయింపు. "లాక్ తీస్తే 45 పోతుంది సార్" అని డీలర్ అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

సరే, పేర్లు. ఇంటిల్లిపాదీ వాడేదానికి, సరుకులు తెచ్చేదానికి రిజ్టా. సీటు పెద్దది, కింద 34 లీటర్ల డిక్కీ. మెటల్ బాడీ కావాలంటే బజాజ్ చేతక్, బరువు మాత్రం సెంటర్ స్టాండ్ వేసి చూసుకోండి. తక్కువ తిరిగేవాళ్లకి ఐక్యూబ్ చిన్న ప్యాక్. దాని మోటార్ వెనక చక్రంలోనే ఉంటుంది, బెల్టు గొడవ లేదు, కానీ వెనక టైరు మార్చేది తెలిసినవాడి దగ్గరే చేయించాలి. కింద ప్లగ్ లేనివాళ్లకి విడా. వీటిలో మీ ఇంటికి దగ్గరగా మంచి సర్వీస్ లేనిదాన్ని మొదట్లోనే కొట్టేయండి.

కామెంట్లో మీ ఊరు, రోజుకి ఎన్ని కిలోమీటర్లు, పార్కింగ్‌లో ప్లగ్ ఉందో లేదో రాయండి. ఈ మూడూ రాసినవాళ్లకే జవాబిస్తా, ఉత్తి "బెస్ట్ స్కూటర్ ఏది అన్నా" అంటే ఇవ్వను. ఉంటానండి.